వెనక ఎవరూ కూర్చోరు

ఆయన పేరు ఇక్కడ రాయను. ఒకసారి రాశాను. పాత బండ్ల మీద మోజున్న రెండు వందల మంది చూసే ఫోన్ గ్రూపులో ఆయన పేరు, మెకానిక్ షాపు ఉన్న సందు, నంబరు అన్నీ పెట్టి, కింద విరిగిన ఇనుప గొట్టం ఫొటో పెట్టాను. మళ్ళీ ఆ పేరు రాసే అర్హత నాకు లేదు.

పోయిన నెల స్కూటర్‌కి బ్రేకు తీగ కొందామని అమీర్‌పేటలో స్పేర్ పార్టుల కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన తీగ చుట్టి కవర్లో వేస్తూ అన్నాడు.

"సార్, మీ పంజాగుట్ట ఉస్తాద్ పోయిండు, తెల్సా?"

"ఎప్పుడు?"

"పది రోజులైతుంది. షుగర్ ఉండె కదా. కాలికి పుండు పడ్డది, మానలే. మస్తు పనిమంతుడు సార్. ఆఖరుకు పంక్చర్లు ఏస్కుంట కూర్చున్నడు."

కవరు తీసుకుని బయటికొచ్చి మెట్రో స్తంభం పక్కన కాసేపు నిలబడ్డాను. ఆయన చావుకి కారణం నేనని రాస్తే అది కూడా ఒక రకం గొప్ప చెప్పుకోవడమే అవుతుంది. షుగర్‌కి నాతో పని లేదు. కానీ అంతటి పనివాడు పంక్చర్లు వేసుకుంటూ కూర్చోవడానికి మాత్రం నాతో చాలా పని ఉంది.

ఆయన కళ్ళజోడు ఎడమ కాడ ఎప్పుడో విరిగితే, క్లచ్ తీగలోంచి ఒక్క పోగు లాగి దాంతో కట్టుకున్నాడు. నాకు తెలిసినంత కాలం అదే కట్టు. చేతులు గుడ్డతో తుడుచుకునేవాడు కాదు, పాత పేపరుతోనే. తుడిచే ముందు ఆ కాగితం మీద ఎవరి ఫొటో ఉందో చూసేవాడు. ఆడవాళ్ళదైతే, దేవుడిదైతే ఆ ముక్క చింపి పక్కన పెట్టి మిగతాదాంతో తుడుచుకునేవాడు. నాయకులదైతే మాత్రం నవ్వుకుంటూ కాస్త ఎక్కువగానే తుడిచేవాడు.

అమీర్‌పేట, పంజాగుట్టల్లో ఏ మెకానిక్ దగ్గరికి వెళ్ళినా మొదట వినబడే మాట "ఫికర్ చెయ్యకు అన్నా", దిగులొద్దని. ఈయన మాత్రం తిరగేసి చెప్పేవాడు.

"జర ఫికర్ చెయ్యి సార్. బండి నీది, పానం నీది. ఫికరంత నా నెత్తిన పెట్టి పోతే ఎట్ల?"

పంజాగుట్ట మార్కెట్ వెనక సందులో ఆయన షాపు. ముందు గది షాపు, వెనక గది ఇల్లు. మధ్యలో ఒక కర్టెన్. నేను అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెబుతాను. ‘ఈ పని చెయ్యను అని వాడేవాడు ఎంత చెప్పినా నమ్మకండి, వాడు చేసే మొదటి పని అదే’ అని ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజే చెప్పే మనిషిని. ఇది గుర్తొచ్చినప్పుడల్లా నాకు తల ఎత్తాలనిపించదు.

నా దగ్గర కాలేజీ రోజులనాటి టూ-స్ట్రోక్ బండి ఒకటి ఉంది. వెనక రెండు వైపులా గతుకుల దెబ్బ ఆపే రెండు సన్నని షాకప్‌లు, గుండ్రటి గొట్టాలతో చేసిన పాతకాలపు స్వింగ్ ఆర్మ్. వెనక చక్రాన్ని రెండు వైపులా పట్టుకుని పైకీ కిందికీ ఆడే ఆ ఇనుప చట్రాన్ని ఆయన చిమ్టా అనేవాడు. పట్టకారు లాగే ఉంటుంది మరి. గ్రూపులో కొందరు ఆ పాత చిమ్టా తీయించేసి, ఈ కాలపు బండిది పెద్ద పలకల చిమ్టా వేయించి, రెండు షాకప్‌ల బదులు సీటు కింద మధ్యలో ఒకే ఒక్క షాకప్ పెట్టించుకున్నారు. అప్పుడు వెనక చక్రానికీ సీటుకీ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. పక్కనుంచి చూస్తే అవతలి రోడ్డు కనబడుతుంది. నాకు ఆ ఖాళీ కావాలి. అంతే. ఇంట్లో మాత్రం ఇంకోలా చెప్పాను.

"గతుకుల్లో నీ నడుము నొప్పెడుతోందంటున్నావు కదా, అది వేయిస్తే అసలు తెలియదు" అన్నాను మా ఆవిడతో. ఆమె రోజూ పొద్దున నా వెనకే కూర్చుని బేగంపేటలో ఆఫీసుకి వెళ్ళేది. నా మాట విని సంతోషపడింది కూడా.

ఆమెను బేగంపేటలో దింపి, అటునుంచి అటే పంజాగుట్ట సందులోకి వెళ్ళాను. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, నేల మీద అట్టముక్క పరుచుకుని, దానిమీద వెల్లకిలా పడుకుని కింద నుంచి చూశాడు. అలా పడుకునే అడిగాడు.

"వెనక ఎవరు కూర్చుంటరు?"

"అంటే?"

"అంటే ఏముంది సార్. బీవీనా, దోస్తా, గ్యాస్ సిలిండరా? ఏదో ఒకటి కూర్చుంటది కదా. బరువు తెల్వాలె."

"ఇద్దరు కూర్చుంటే ఏంటి తేడా?"

ఆయన లేచి కూర్చుని వేలితో గాలిలో గీసి చూపించాడు. "షాకప్ పైకొస ఇగో ఈడ సీటు కింద పడతది. దాని దెబ్బంత గీ పాత ఫ్రేము తినాలె. కంపెనీవోడు ఈ ఫ్రేమును గా దెబ్బకు చెయ్యలే. ఇద్దరైతే సీటు కిందికెళ్ళి ఫ్రేము అడుగు దాంక రెండు పైపులు దించుత. దెబ్బ కిందికి దిగుతది. జర మొద్దుగ కనిపిస్తది మరి."

"ఎక్కడ దిగుతాయి ఆ పైపులు?"

"ఇగో, గీ ఖాళీలనే."

నా ఖాళీలోనే. చంకలో కర్రలు పెట్టుకున్నట్టు రెండు గొట్టాలు.

"ఒక్కరే అయితే?"

"ఒక్కరైతే అడ్డం పైపు ఒక్కటి చాలు."

"అయితే ఒక్కడినే ఉస్తాద్. వెనక ఎవరూ కూర్చోరు."

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. "షాదీ కాలేదా సార్?"

"అయింది. మా ఆవిడ మెట్రోలో వెళ్తుంది."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఆమెను దింపి అరగంట కూడా కాలేదు. నేనసలు అబద్ధం ఆడుతున్నానని కూడా అనుకోలేదు. మెకానిక్‌తో బేరం ఆడుతున్నానని అనుకున్నాను. ఈ పనివాళ్ళు భయపెట్టి పని పెంచుతారు, కాస్త తగ్గించి చెబితే సరిపోతుంది అని చదువుకున్నవాళ్ళకి ఉండే తెలివి ఒకటి ఉంటుంది కదా, అది.

ఆయన టీవీ డబ్బా అట్ట ఒకటి తీసి చెయ్యంత ముక్క కోసి, దానితోపాటు పెన్సిలు నా చేతికిచ్చాడు.

"రాయి."

"ఏం రాయాలి?"

"ఇప్పుడు చెప్పినవు కదా, గదే. నాకు తెలుగు మాట్లాడొస్తది, రాయరాదు. నీ చేత్తోని రాయి. పది బండ్లుంటయి, రేపు నేను మర్చిపోత."

అది ఆయన పద్ధతి. ఎవరి బండికైనా, వెనక ఎంత బరువు కూర్చుంటుందో బండి యజమాని తన చేత్తో రాయాలి. తర్వాత ఆ అట్టనే వెల్డింగ్ చేసే రేకుకి కొలతగా కత్తిరించేవాడు. పని అయ్యాక, బండిలోంచి తీసిన పాత సామానంతా గోనెసంచిలో కట్టి, ఆ అట్టను సంచికి వేలాడదీసి, గోడకున్న మేకులకి వరసగా తగిలించేవాడు. పాత సామాను అమ్ముకోడు, పారేయడు. ఫ్రేముకి ఉండే పాత షాకప్ కొక్కేలు కూడా కోసేవాడు కాదు. కోసేస్తే చూడ్డానికి ఇంకా బాగుంటుంది కదా అని నేనంటే నవ్వాడు.

"రేపు మనసు మారితే బండి ఇంటికి పోవద్దా సార్? తొవ్వ ఉంచాలె."

నేను రాశాను. ‘ఒక్కడినే. వెనక ఎవరూ కూర్చోరు.’ కింద సంతకం కూడా పెట్టాను, నవ్వుతూ.

పని పన్నెండు రోజులు పట్టింది. కొత్త చిమ్టా ఇరుసు దగ్గర మా ఫ్రేము కంటే వెడల్పు. దానికి సరిపోయేలా బుష్‌లు, అంటే ఇరుసుకు తొడిగే ఇనుప కడియాలు, తిప్పించడానికి సనత్‌నగర్‌లో లేత్ మిషన్ దగ్గరికి మూడుసార్లు పంపించాడు. మూడోసారి నాకు ఓపిక పోయింది. ఆయన పేపరు ముక్క చింపి బుష్‌కీ ఫ్రేముకీ మధ్య దూర్చి చూపించాడు.

"చూడు. రెండు కాయితాలు పడుతున్నయి. ఒక్కటి పట్టాలె."

"రెండు కాగితాలకి ఏమవుతుంది ఉస్తాద్?"

"ఇయ్యాల ఏం కాదు" అన్నాడు, బుష్ మళ్ళీ సంచిలో వేస్తూ.

రెండు చక్రాలూ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడ్డానికి దర్జీ దారం వాడేవాడు. వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా అటొకటి ఇటొకటి లాగి, ఒక కొస నన్ను పట్టుకోమని, నేల మీద బోర్లా పడుకుని ఒక కన్ను మూసి చూసేవాడు. అలా ఎంతసేపు ఉండేవాడంటే నిద్రపోయాడేమో అనిపించేది. ‘అయిందా?’ అంటే చెయ్యి ఎత్తి ఆగమనేవాడు. షాకప్ ఎంత దిగుతోందో కొలవడానికి గీతలు పెట్టుకున్న వెదురు పుల్ల ఒకటి ఉండేది. నన్ను బండి మీద కూర్చోబెట్టి, పుల్ల ఆనించి, తల అడ్డంగా ఊపాడు.

"దిగు. మల్ల కూర్చో. ఫొటోకు కూర్చున్నట్టు కాదు సార్, రోజూ కూర్చున్నట్టు కూర్చో."

ఆ రోజు పొద్దున కూడా మా ఆవిడ ఆటోలో వెళ్తూ "బండి ఎప్పుడొస్తుంది?" అని అడిగింది. రోజూ కూర్చున్నట్టు కూర్చోవడమంటే వెనక ఆమె ఉండాలి. నేను నడుము వంచి, కాస్త మామూలుగా కూర్చున్నాను. ఆయన పుల్ల మీద గీత పెట్టుకున్నాడు.

బండి ఇచ్చే రోజు ఇంకోటి జరిగింది. ఇద్దరు కూర్చునే బండి ఏది తయారైనా, ఇచ్చేముందు ఆయన తన భార్యను వెనక కూర్చోబెట్టుకుని అమీర్‌పేట దాకా వెళ్ళి వచ్చేవాడట. ఆమె దిగి ‘బాగుంది’ అంటేనే బండి ఇచ్చేది. ‘నడుముకు తగుల్తుంది’ అంటే మళ్ళీ విప్పేసేవాడు. ఇది నాకు అప్పటిదాకా తెలియదు. బండి స్టార్ట్ చేసిన చప్పుడు వినగానే కర్టెన్ పక్కకి జరిపి, బురఖా వేసుకుని తయారుగా ఆమె బయటికి వచ్చింది. వాళ్ళిద్దరూ ఉర్దూలోనే మాట్లాడుకునేవారు. ఆ రోజు మాత్రం, నాకూ అర్థం కావాలనేమో, తెలుగులో అన్నాడు.

"నువ్వొద్దు. దీనిమీద వెనక ఎవ్వరు కూర్చోరంట."

ఆమె ఒకసారి బండి వైపు, ఒకసారి నా వైపు చూసి, "ఎవ్వరు కూర్చోకుంటే గంత పెద్ద సీటెందుకు?" అంది.

"సార్‌కు షోకు" అన్నాడాయన.

ముగ్గురం నవ్వాం. చెప్పడానికి అంతకంటే మంచి సందు మళ్ళీ దొరకలేదు నాకు. నోరు తెరిస్తే మళ్ళీ వారం ఆగాలి, ఆ గొట్టాలు నా ఖాళీలోకి వచ్చేస్తాయి. నోరు తెరవలేదు. ఆయన వెనక ఫుట్‌రెస్టులు రెండూ విప్పేశాడు. ‘ఎవ్వరు కూర్చోనప్పుడు ఇవెందుకు’ అని అవి కూడా సంచిలో వేసి కట్టాడు.

మర్నాడే అమీర్‌పేటలో రోడ్డు పక్కన ఇంకో మెకానిక్ దగ్గర కొత్త ఫుట్‌రెస్టులు బిగించుకున్నాను. పది నిమిషాల పని. ‘ఫికర్ చెయ్యకు అన్నా’ అన్నాడతను.

మూడు నెలలు ఆ బండి మీద నేను రాజులా తిరిగాను. సిగ్నల్ దగ్గర కుర్రాళ్ళు వంగి ఆ ఖాళీలోంచి చూసేవారు. మా ఆవిడ కూడా గతుకులు తెలియడం లేదంది. తర్వాత ఒక మంగళవారం పొద్దున పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగుతుండగా టప్పున చప్పుడైంది. సీటు వెనక భాగం కిందికి జారి టైరు మీద కూర్చుంది. చక్రం పట్టేసింది. నేను బండితో పాటు కాస్త దూరం జారాను. ఆమె ఎడమ చెయ్యి కింద పెట్టి పడింది. మణికట్టు రెండు చోట్ల విరిగింది. వెనక వస్తున్న ఆటో అతను బ్రేకు వేయగలిగాడు కాబట్టి అంతటితో పోయింది.

ఆస్పత్రి వరండాలో కూర్చుని ఆ పోస్టు పెట్టాను. ఆ రోజు నేను నిజంగానే మోసపోయానని అనుకున్నాను. నమ్మి బండి ఇస్తే పచ్చి వెల్డింగ్ చేసి ఇచ్చాడు, నా భార్యని చంపేవాడు అని రాశాను. ఆ కోపం నటన కాదు. మనం ఒకరికి చేసిన ద్రోహాన్ని వాళ్ళే మనకు చేశారని నమ్మడం ఇంత సులువని నాకు అప్పటిదాకా తెలియదు.

మర్నాడు ఆయన మా ఇంటికి వచ్చాడు. ముందు సెల్లార్‌లో ఉన్న బండి దగ్గరికి తీసుకెళ్ళమన్నాడు. వంగి, విరిగిన చోట గోటితో గీకి చూశాడు. వెల్డింగ్ అతుకు అతుకులాగే ఉంది. దాని పక్కన పాత ఫ్రేము గొట్టమే చీలిపోయింది. లేవబోతూ వెనక ఫుట్‌రెస్టు చూశాడు. తను విప్పేసిన చోట కొత్తది. దాని రబ్బరు మీద మడమ ఆనిన చోట అరుగుదల. వేలు దానిమీద పెట్టి, తీసి, నా వైపు చూశాడు.

నేను లిఫ్టు వైపు నడిచాను.

పైన ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. తెచ్చిన దానిమ్మపళ్ళు బల్ల మీద పెట్టాడు. మా ఆవిడ చెయ్యి కట్టుతో ఉంది కాబట్టి నేను టీ పెట్టి ఇచ్చాను. ఆయన సాసర్లో పోసుకున్నాడు. ఆమె ఆయన్ని తిట్టలేదు. పైగా సముదాయిస్తున్నట్టు మాట్లాడింది.

"మీ పని చాలా గట్టిదని అందరూ అంటారండీ. ఏం జరిగిందో మరి. రోజూ ఈయన వెనకే కదా నేను ఆఫీసుకి వెళ్ళేది. మూడు నెలలూ బాగానే ఉంది."

సాసరు ఆయన పెదాల దాకా వెళ్ళి ఆగింది. తాగకుండానే కింద పెట్టాడు. ఆ నాలుగు క్షణాల్లో ఆయన ముఖం నేను చూశాను. కోపం ఉంటుందనుకున్నాను. లేదు. సొంత ఇంట్లో ఏదో వస్తువు పోయి, తీసింది ఎవరో తెలిసినప్పుడు మనుషులు అలా చూస్తారు.

"గలతీ అయింది బేటీ" అన్నాడు ఆమెతో. ఆ తప్పు ఎవరిదో చెప్పలేదు.

మెట్ల దగ్గర దాకా వెళ్ళాను. చెప్పులు వేసుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు.

"సార్, నిన్ను ఒక్కటే అడిగిన."

ఆయన నన్ను నిలదీసింది అంతే. ఆ రోజే కాదు, పోయేదాకా అంతే.

ఆదివారం గ్రూపువాళ్ళు ఎనిమిది బండ్ల మీద ఆ సందులోకి వెళ్ళారు. నన్నూ తీసుకెళ్ళారు. నా తరఫున న్యాయం అడగడానికి. గ్రూపు నడిపే అతను హెల్మెట్ కూడా తీయకుండా మొదలుపెట్టాడు.

"ఏం ఉస్తాద్? పేరు గంత పెద్దది, పని గింతేనా? మనిషి పోతుండె!"

"పోతుండె" అన్నాడాయన.

"మల్ల ఏం చెప్తవ్?"

"ఏం చెప్పాలె అన్నా?"

"గట్లంటే ఎట్ల? మా పోరగాండ్లవి ఆరు బండ్లు చేసినవ్. అవి సుత గిట్లనే ఊడుతయా?"

ఆరు బండ్ల సంచులు ఆయన తల వెనక గోడకి వేలాడుతున్నాయి. ఏడోది నాది. అట్ట మీద నా అక్షరాలు నాకు అక్కడినుంచే కనబడుతున్నాయి. ఆయన నా చూపు ఎక్కడుందో చూశాడు. లేచాడు. చెయ్యి ఎత్తి ఆ అట్టను అందుకున్నాడు. ఇక అయిపోయింది అనుకున్నాను. ఆయన దాన్ని తిప్పి, రాత గోడ వైపుకి పెట్టి, మళ్ళీ కూర్చున్నాడు.

"అనుమానమున్నోళ్ళు బండ్లు తెచ్చుకోండ్రి. పాత సామాను పెట్టి ఇచ్చేస్త" అన్నాడు.

నేను ఊపిరి పీల్చుకున్నాను. దీన్ని రాయకపోతే ఇదంతా రాయడం దండగ. అంతమంది ముందు, నోరు తెరిచి ఒక్క వాక్యం చెప్పాల్సిన చోట, నేను నిలబడి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

ఆ ఆరు బండ్లలో నాలుగు వెనక్కి వెళ్ళాయి. పాత చిమ్టాలు పెట్టించుకుని తీసుకెళ్ళారు. కొత్తవాళ్ళు రావడం మానేశారు. ఇదంతా నేను చూడలేదు, విన్నాను. చూడకూడదనే ఆ సందు వైపు వెళ్ళడం మానేశాను. విరిగిన బండిని సెల్లార్‌లో గుడ్డ కప్పి పెట్టాను. ఉచితంగా బాగు చేసి ఇస్తానని ఆయన రెండుసార్లు కబురు పెట్టాడు. ఈసారి ఇద్దరికి సరిపడా చేస్తానంటున్నాడని అర్థమై, జవాబివ్వలేదు.

కొన్నాళ్ళకి ఆయన మీద నాకు ఇంకో రకం కోపం వచ్చింది. నిజం చెప్పి ఉంటే ఒక్క రోజులో తేలిపోయేది, తిట్లు తిని బయటపడేవాడిని. చెప్పకుండా దాన్నంతా నా దగ్గరే వదిలేశాడు, ఇది మోసం కాదా అనుకున్నాను. ఇంత నీచంగా ఆలోచించగలనని కూడా ఆయన వల్లే తెలిసింది.

చావు కబురు విన్న మర్నాడు వెళ్ళాను. షాపు సగం షట్టరు వేసి ఉంది. గోడకి మేకులే మిగిలాయి. నేల మీద మూడు నాలుగు గోనెసంచులు. ఆయన భార్య కర్టెన్ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. నా పేరు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎరికే. నువ్వే కదా, ఒక్కనివే కూర్చునేటోనివి."

నిలబడే ఉన్నాను.

"ఎవరి సామాను వాళ్ళకి ఇచ్చేస్తున్న. నీది ఉన్నది, తీస్కపో."

"అమ్మా, ఆయన ఆ రోజు అట్ట చూపిస్తే సరిపోయేది. ఎందుకు చూపించలేదు?"

"నేను సుత కొట్లాడిన బిడ్డా. చూపియ్యి, నీ పేరు పోతుంది అన్న. ఆయన ఏమన్నడో ఎరికేనా? ఆ పిల్లకు ఇప్పటికే చెయ్యి విరిగింది, తన మొగుడు తనను లేనే లేదని రాసిచ్చిండని సుత తెల్వాల్నా అన్నడు."

లోపల ఎక్కడో కుక్కర్ కూత పెట్టింది. ఆమె లేవలేదు.

"ఇంకోటి సుత అంటుండె. మస్తు సార్లు అన్నడు. నిజం చెప్తే ఆ రెండు పైపులు సీటు కింద మలిచి కనవడకుంట చేసి ఇస్తుంటి గదా, ఒక్క మాట చెప్తే ఏం పోయేది అంటుండె."

సంచి బరువుగా ఉంది. ఆటోలో ఒడిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

మా ఆవిడ తలుపు తీసింది. ఇప్పటికీ ఆమె ఎడమ మణికట్టు పూర్తిగా తిరగదు. సీసా మూత తీయాలంటే సీసాని కడుపుకి ఆనించి కుడి చేత్తో తిప్పుతుంది. "ఏంటది?" అంది. నేను అట్ట విప్పి ఆమె చేతికిచ్చాను. ఆయన దాచింది నేనే ఇచ్చాను. అది మంచిపనో, ఆయనకి చేసిన ఇంకో ద్రోహమో నాకు తెలియలేదు. కానీ ఇంకొకరి మరుగున బతకడం ఇక నా వల్ల కాలేదు.

ఆమె చదివింది. నా అక్షరాలు ఆమెకు బాగా తెలుసు. అట్ట తిప్పి వెనక చూసి, మళ్ళీ ముందు చదివింది.

"ఆ రోజు నన్ను ఆఫీసు దగ్గర దింపే వెళ్ళారు కదా?"

"అవును."

"నా నడుము కోసమన్నారు."

నేను సంచి గోడవారన పెట్టాను.

"ఆయన ఇక్కడ, ఈ కుర్చీలో కూర్చున్నాడు" అంది. "నేను ఆయన్ని క్షమిస్తున్నట్టు మాట్లాడాను. మీరు టీ పెట్టి తెచ్చారు."

అట్టను బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళబోతూ ఆగింది. "నాకు చెప్పి ఊరుకుంటే కాదు. ఎక్కడ రాశారో అక్కడ రాయండి."

రాశాను. అట్ట ఫొటో పెట్టి, జరిగిందంతా అదే గ్రూపులో రాశాను. ఎవరో నమస్కారం బొమ్మ పెట్టారు. ఒకరు ‘గ్రేట్ అన్నా, ఒప్పుకోవడానికి దమ్ముండాలి’ అన్నారు. గ్రూపు నడిపే అతను మాత్రం ఒకటే అడిగాడు: ‘గిప్పుడు చెప్తే ఏం లాభమన్నా?’ అరగంటకి ఎవరో పాత ట్యాంకు అమ్మకానికి పెట్టారు. నా ముక్క పైకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి వారం సనత్‌నగర్‌లో ఒక మెకానిక్ దగ్గరికి బండిని వ్యాన్‌లో తీసుకెళ్ళాను. చీలిన గొట్టం మార్పించి, సంచిలో ఉన్న పాత చిమ్టా, పాత షాకప్‌లు పెట్టమన్నాను. సంచి విప్పితే ప్రతి బోల్టుకీ గ్రీజు రాసి పేపరు చుట్టి ఉంది. ఆ మెకానిక్ పాత కొక్కేలకి షాకప్ ఆనించి బోల్టు తోశాడు. సుత్తి అవసరం లేకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

"ఎవలు చేసిన్రు సార్ ఇది? ఒక్క కొక్కెం సుత కొయ్యలే" అన్నాడు.

చివర సంచి అడుగు నుంచి పాత ఫుట్‌రెస్టులు రెండూ తీసి, "ఇవి సుత పెట్టాల్నా?" అని అడిగాడు.

పెట్టమన్నాను. ఇప్పుడు బండి ఆయన దగ్గరికి వెళ్ళక ముందు ఎలా ఉండేదో అలాగే ఉంది. ఇద్దరు కూర్చోవచ్చు. మా ఆవిడ పొద్దున్నే ఎనిమిదింటికి బయల్దేరి, అమీర్‌పేట స్టేషన్ మెట్లెక్కి, మెట్రోలో ఆఫీసుకి వెళ్తుంది. నేను ఇన్‌స్టిట్యూట్‌కి బండి మీద వెళ్తాను, ఒక్కడినే. వెనక ఎవరూ కూర్చోరు.